మూడు వందల పది గజాలు

"కలం ఇటివ్వండి. సంతకం పెట్టేస్తాను," అంది లూడీ బ్రోడర్.

క్లైడ్ మెరిక్ కలం మూత తీసి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ చెయ్యి చాపేలోపే నోరీన్ హాస్కెట్ ఆ కలాన్ని పక్కకి జరిపింది.

"ఒక్క ప్రశ్న, మిస్ లూడీ. నిన్న పొద్దున మీరు ఎన్నిసార్లు కాల్చారు?"

"రెండుసార్లు. చెప్పాను కదమ్మా."

"దేన్ని చూసి?"

"పందిని. పందే అనుకున్నాను." ఆవిడ తన చేతుల వైపు చూసుకుంది. డెబ్బై ఒక్క ఏళ్ళ చేతులు. "ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. వేరుశనగ చాళ్ళలో నల్లగా ఏదో కదిలింది. మా ఆయన రైఫిలు వరండాలోనే ఉంటుంది. అది హాలిస్ అని తెలిస్తే కాలుస్తానా తల్లీ? పద్నాలుగేళ్ళుగా నా పొలం దున్నుతున్నవాడు. నా పుట్టినరోజుకి కేకు తెచ్చేవాడు."

విషయం మొత్తం అంతే, మెరిక్ దృష్టిలో. హాలిస్ కెంప్ అనే యాభై ఏళ్ళ కౌలు రైతు నిన్న, మంగళవారం పొద్దున, లూడీ పొలం గట్టు మీద వాల్వు పెట్టె పక్కన చచ్చిపడి ఉన్నాడు. ఛాతీలో ఒక బుల్లెట్ ఉంది. ఏడూ అయిదుకి లూడీ అటువైపే రెండుసార్లు కాల్చింది. ఎనిమిదీ పదికి కౌలులో హాలిస్ భాగస్వామి రస్ టాలీ శవాన్ని చూసి షెరీఫ్ ఆఫీసుకి ఫోను చేశాడు. వరండా నుంచి శవం దాకా లేజరుతో కొలిస్తే మూడు వందల పది గజాలు వచ్చింది. వకీలు అక్కర్లేదంది లూడీ. మధ్యాహ్నం పన్నెండుకి జడ్జి కూర్చుంటాడు. ఆ లోపు ఒప్పుకోలు కాగితం మీద సంతకం పడితే కార్విన్ కౌంటీలో ఈ కేసు ముగిసిపోతుంది. లూడీ జీవితం కూడా దాదాపుగా ముగిసినట్టే.

నోరీన్ మెరిక్‌ని గది బయట, ఆఫీసు వరండాలోకి పిలిచింది. ఆమె షెరీఫ్ ఆఫీసులో డిటెక్టివు. అతను ప్రాసిక్యూటర్ తరఫున వచ్చిన పరిశోధకుడు. ఇద్దరికీ మూడేళ్ళుగా పడదు.

"ఆవిడ మీద నాకేం పగ లేదు నోరీన్. తనంతట తాను ఒప్పుకుంటే జడ్జి కనికరిస్తాడు. విచారణ దాకా లాగితే నలిగిపోతుంది."

"బుల్లెట్ ఆ రైఫిలుదేనని ల్యాబు చెప్పిందా?"

"ల్యాబుకి ఆరు వారాలు పడుతుంది. కానీ బుల్లెట్ నేను చూశాను, నువ్వూ చూశావు. రెండు వందల ఇరవై మూడు రకం. నిండా రాగి తొడుగున్నది. ఆవిడ మొగుడు పెట్టె పెట్టెలు కొనిపెట్టి పోయిన రకమే. అది వంగింది తప్ప పగల్లేదు. దగ్గర్నుంచి తగిలి ఉంటే ముక్కలు ముక్కలైపోయేది. పగల్లేదంటే దూరం వచ్చి నెమ్మదించిందన్నమాట. మూడు వందల గజాలు."

"దూరం వచ్చినా నెమ్మదిస్తుంది. అసలు మొదటే వేగం అందకపోయినా నెమ్మదిగానే ఉంటుంది."

"అంటే?"

"అంటే ఏమిటో నాకూ ఇంకా తెలీదు. నాకు పన్నెండు దాకా టైమివ్వు."

మెరిక్ గడియారం చూశాడు. తొమ్మిదీ నలభై. "పదకొండున్నర. అంతకు మించి ఒక్క నిమిషం కూడా ఇవ్వను. ఆ కలం అక్కడే ఉంటుంది."

*

పదీ ఇరవైకి నోరీన్ పొలం దగ్గరుంది. రస్ టాలీని రమ్మని దారిలోనే ఫోను చేసింది. అతను వాల్వు పెట్టె పక్కన ట్రక్కు ఆపుకుని కాఫీ తాగుతున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. నోరీన్ కంటే రెండు తరగతులు కింద చదివాడు.

"ఎక్కడ చూశావో చూపించు."

అతను కాలితో చూపించాడు. ఆ చోట మట్టి నున్నగా, ఒక్క అడుగు ముద్ర కూడా లేకుండా ఆరిపోయి ఉంది. పొలం మధ్యలో ఇరుసు చుట్టూ గడియారం ముల్లులా తిరిగే పావు మైలు పొడుగు నీటి గొట్టం నిన్న పొద్దున ఈ గట్టు మీదుగా దాటింది. ముప్పావు గంటసేపు హాలిస్ మీద వాన కురిసినట్టు కురిసింది.

నోరీన్ మట్టి వైపు చూస్తూ అతనికి ఎడమ పక్కన నిలబడి అడిగింది. "నువ్వొచ్చేసరికి నీళ్ళు దాటిపోయాయా?"

రస్ కాఫీ తాగాడు.

ఆమె మాట మార్చలేదు, గొంతూ పెంచలేదు. అతని కుడి పక్కకి నడిచి అదే ప్రశ్న మళ్ళీ అడిగింది.

"ఆ, దాటిపోయాయి. తడిసి ముద్దయిపోయి ఉన్నాడు పాపం."

"ఏడూ అయిదుకి నువ్వెక్కడున్నావు?"

"ఇంట్లో. గుడ్లు వేయించుకుంటున్నా."

"ఎవరైనా చూశారా?"

"కోడి చూసుంటుంది. గుడ్డు దానిదే కదా."

నోరీన్ నవ్వింది. రస్ మంచి మాటకారి. స్కూల్లో కూడా అంతే. ఆమె తాళంచేతుల గుత్తి తీసి, జేబులో పెట్టుకోబోయినట్టు అతని ఎడమ వైపు సిమెంటు దిమ్మ మీద జారవిడిచింది. గుత్తి గల్లుమంది. గట్టు మీద వాలిన పిట్టలు లేచిపోయాయి. రస్ తల తిప్పలేదు. పిట్టలు ఎగిరాక గానీ అటు చూడలేదు.

"చెవికి ఏమైంది?"

"స్నానం చేస్తుంటే నీళ్ళు పోయాయి. నిన్నట్నుంచి హోరు."

"ట్రక్కు ఒకసారి చూడనా?"

"చూస్కో. రైఫిలు కావాలంటే ఇంట్లో ఉంది, అదీ చూస్కో. దానికి బూజు పట్టి ఏడాదైంది."

అతను ధీమాగానే తలుపు తీసిపెట్టాడు. ట్రక్కు పాతది, అద్దం చేత్తో తిప్పుకునే రకం. లోపల నిమ్మకాయ సబ్బు వాసన వేస్తోంది. ముందు అద్దం తళతళలాడుతోంది. రెండు సీట్ల మధ్య తోలు తొడుగు ఒకటి ఖాళీగా ఉంది. మూర కంటే కొంచెం పొడుగుంటుంది.

"పొట్టిది ఇందులో పెడతావా?"

"పెట్టేవాణ్ణి. ఓక్లహోమాలో మా చిన్నాన్న కొడుకు తీసుకెళ్ళాడు, పోయిన వారం."

పొట్టిది అంటే ఈ కౌంటీలో అందరికీ తెలుసు. పేరుకి పిస్టల్. పేల్చేది రైఫిలు తూటా. గొట్టం మాత్రం ఏడంగుళాలే. పంది చాళ్ళలోకి దిగి వేర్లతో సహా పెకలిస్తుంటే రైతు ట్రక్కు దిగి, వెనక నుంచి రైఫిలు తీసి, గురి పెట్టే లోపు మంద మొత్తం పొదల్లో దూరిపోతుంది. అందుకే అందరూ ఇది కొన్నారు.

"నిజంగా అంత పనికొస్తుందా అది?" అంది నోరీన్. "అరవై గజాలు దాటితే దండగని మా అన్న అంటాడు."

"మీ అన్న ట్రాక్టరు క్యాబులో కూర్చుని రైఫిలు తిప్పి చూడమను. గొట్టం వెళ్ళి స్టీరింగుకి తగుల్తుంది, తుపాకీ మడమ వెళ్ళి తలుపుకి తగుల్తుంది. ఇదైతే ఒక్క చేత్తో ఇటు తీసి అటు పెట్టొచ్చు. అరవై గజాల అవతలి పందితో నాకేం పని? పోనీ పాపం, బతకనీ." అతను వేలితో చూపించాడు. "ఒక్కటే బాధ, ఆ చప్పుడు. పిడుగు పడ్డట్టుంటుంది. మంట చూడాలి, పొయ్యి మూత తీసినంత. అందుకే అవి."

వెనక చూసే అద్దానికి ఎర్రటి చెవి మూతలు వేలాడుతున్నాయి. మెత్తలు చెమటకి నల్లబడి, అంచులు చిట్లి ఉన్నాయి.

"ఎప్పుడూ ఇక్కడేనా ఇవి?"

"ఇంకెక్కడ? తుపాకీ కంటే ముందు చెయ్యి వాటి మీదికే పోవాలి. మా నాన్న ఒకసారి మర్చిపోయి కాల్చాడు. నెల రోజులు చర్చిలో పాట అందరికంటే ఒక చరణం వెనక పాడాడు."

"నువ్వెప్పుడైనా మర్చిపోయావా?"

"ఒక్కసారి ఉత్త చెవులతో పేల్చినవాడు జన్మలో మళ్ళీ మర్చిపోడు. నేను పదిహేనేళ్ళ కిందటే ఆ ఒక్కసారీ అయిపోగొట్టుకున్నా."

నోరీన్ డ్రైవరు సీట్లో కూర్చుంది. కిటికీ అద్దం పూర్తిగా దించి ఉంది. అంచున ఉన్న నల్ల రబ్బరు పట్టీ మీద జానెడు మేర పాల మీగడలా ముడతలు పడి ఉన్నాయి. ఆమె గుండ్రటి పిడిని నెమ్మదిగా తిప్పింది. తలుపు లోపల దాక్కున్న అద్దం పైకొచ్చింది. దానితోపాటు, పట్టీ తుడవలేకపోయిన సందులో నుంచి, గాజుకి అంటుకుని ఏవో పలుకులు పైకొచ్చాయి. పెన్సిలు ముల్లు విరిచి చిన్నచిన్న ముక్కలు చేసినట్టున్నాయి. కాలని తుపాకీ మందు.

ఏ సబ్బూ అక్కడికి చేరలేదు.

ఆమె టేపు ముక్కతో వాటిని ఎత్తింది. రస్ ముఖం మారలేదు కానీ కాఫీ కప్పు ట్రక్కు ఇంజను మూత మీద పెట్టేశాడు.

"పందుల కోసం పేల్చినప్పటివి నోరీన్. ఈ కౌంటీలో ఏ ట్రక్కు తలుపు విప్పినా ఇవే రాలతాయి."

"నిజమే," అంది నోరీన్. అది నిజమే కూడా. దీని మీద అతన్ని ఆపడానికి లేదు.

అతను వెళ్ళిపోయాక ఆమె కాసేపు అక్కడే నిలబడింది. కంచె అవతల పొదల మీద నాలుగు రాబందులు తక్కువ ఎత్తులో తిరుగుతున్నాయి. ఆమె కంచె దాటి వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు ముళ్ళకి చొక్కా చెయ్యి చిరిగి ఉంది. అంత దూరమూ దాదాపు పరుగెత్తుతూనే వచ్చింది.

*

"పదకొండూ ముప్పై ఎనిమిది," అన్నాడు మెరిక్.

"ముందు కూర్చో."

"నిలబడే వింటాను."

నోరీన్ టేపు ముక్క బల్ల మీద పెట్టింది. "రస్ టాలీ ట్రక్కులోది. డ్రైవరు పక్క కిటికీ సందులో దొరికింది. అంచు రబ్బరు కాలింది."

"మా మావగారి ట్రక్కులో కూడా ఉంటుంది. ఆయన్నీ అరెస్టు చేద్దామా? నాకేం అభ్యంతరం లేదు."

"గొట్టం ఎంత పొడుగుంటే మందు బుల్లెట్‌ని అంతసేపు తోస్తుంది. లూడీ రైఫిలు గొట్టం ఇరవై నాలుగు అంగుళాలు. అందులోంచి బయటపడేటప్పుడు సెకనుకి మూడు వేల రెండు వందల అడుగులు. మూడు వందల గజాలు పోయేసరికి రెండు వేల రెండు వందలకి పడిపోతుంది. అందుకే పగల్లేదంటావు నువ్వు. ఒప్పుకుంటాను. అదే తూటా ఏడంగుళాల గొట్టంలో పెట్టు. మందంతా కాలే లోపే బుల్లెట్ బయటికొచ్చేస్తుంది. మిగతాదంతా బయట మంట, చప్పుడు, ఇదిగో ఈ పలుకులు. వేగం రెండు వేల మూడు వందలు. అది కూడా గొట్టం మూతి దగ్గరే. రెండడుగుల దూరం నుంచి కాల్చినా ఆ బుల్లెట్ పగలదు క్లైడ్. మూడు వందల గజాలు ప్రయాణం చేసిన బుల్లెట్‌లాగే కనిపిస్తుంది."

మెరిక్ టేపు ముక్కని వెలుగుకి ఎత్తి చూశాడు. అతనికి తుపాకులు తెలుసు.

"దగ్గర్నుంచి పొట్టిదానితో కాలిస్తే కోటు మీద మందు ఉండాలి. లేదు."

"ముప్పావు గంట నీళ్ళ కింద ఉన్నాడు. కోటే కాదు, టైర్ల గుర్తులు కూడా కొట్టుకుపోయాయి."

"సరే. కాల్చి ఉండొచ్చు అన్నావు. కాల్చాడని ఎక్కడ? వాడు పందినే కాల్చాడేమో."

"రస్‌కి ఎడమ చెవి వినపడదు. నిన్నట్నుంచేనట. కిటికీ ఉన్నది ఎడమ పక్కే."

"అయితే చెవి మూతలు పెట్టుకోకుండా పందిని కాల్చాడు."

"వాడే చెప్పాడు, తుపాకీ కంటే ముందు చెయ్యి వాటి మీదికి పోవాలని. పదిహేనేళ్ళుగా ఒక్కసారీ మర్చిపోలేదని. ఎదురుగానే వేలాడుతున్నాయి క్లైడ్, ముక్కుకి తగిలేంత దగ్గర్లో. పందిని కాల్చేవాడు వాటిని ఎందుకు తగిలించుకోడు? పందికి ఏం తెలుసు?" నోరీన్ గొంతు తగ్గించింది. "నీతో ఒకడు ట్రక్కులో కూర్చుని మాట్లాడుతున్నాడనుకో. నువ్వు బయట కిటికీ పక్కన నిలబడ్డావు. మాటల మధ్యలో వాడు చెయ్యెత్తి చెవి మూతలు పెట్టుకుంటే నువ్వేం చేస్తావు?"

మెరిక్ మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పంది ఎక్కడని వెనక్కి తిరిగి చూస్తాను," అన్నాడు. "పంది కనపడకపోతే... పరుగెడతాను."

"ఇక్కడ పుట్టిన ఎవడైనా అంతే. అందుకే వాడు పెట్టుకోలేకపోయాడు. పిడుగు పడుతుందని తెలిసీ, లూడీ కాల్పుల చప్పుడులో కలిసిపోయేలా, ఉత్త చెవితో పేల్చాడు. హాలిస్ ఈ పంటతో కౌలు వదిలేసి, పొలం మళ్ళీ లూడీకే అప్పగిస్తానని ఊళ్ళో నలుగురికి చెప్పాడు. హాలిస్ పోయి, లూడీ జైలుకి పోతే, మిగిలిన కౌలుదారు ఒక్కడే."

"ఇది చాలదు నోరీన్. జడ్జి ముందు చాలదు."

"జడ్జికి కాదు. పొదల్లో ఇంకొకటి దొరికింది. అది ముందు ఆవిడకి చెప్పాలి."

*

లూడీ కుర్చీలో అదే చోట, అదే విధంగా కూర్చుని ఉంది. ఎవరో తెచ్చిన రొట్టె ముట్టుకోలేదు.

నోరీన్ ఆవిడ ఎదురుగా కాకుండా పక్క కుర్చీలో కూర్చుంది. "మిస్ లూడీ, మీరు హాలిస్‌ని చంపలేదు."

"నా మీద జాలితో చెప్తున్నావు తల్లీ."

"కాదు. కంచె అవతల పొదల్లో ఆడపంది ఒకటి చచ్చిపడి ఉంది. పెద్దది. రెండు దెబ్బలు తగిలాయి. రెండూ భుజం వెనకే, అరచేయంత చోటులో. దాని నెత్తుటి చార మీ వరండాకి ఎదురుగా ఉన్న చాళ్ళలోంచే మొదలైంది. మీరు రెండుసార్లు కాల్చారు. రెండూ దానికే తగిలాయి."

ఆవిడ నోరీన్ వైపు తిరిగింది. ముఖంలో ఏదో కొంచెం కొంచెంగా వదులైంది. కన్నీళ్ళు వచ్చాయి గానీ తుడుచుకోలేదు.

"మా ఆయన అనేవాడు, నువ్వు గురి తప్పవే అని," అంది చివరికి. అని, కనుబొమలు ముడిచింది. "కానీ రస్ చూశాడు కదా?"

మెరిక్ తలెత్తాడు. "ఏం చూశాడు?"

"హాలిస్ పడిపోవడం. నా రెండో దెబ్బకి."

"మీకు ఎప్పుడు చెప్పాడు?" అంది నోరీన్.

"ఏడూ ఇరవైకి. వంటింటి తలుపు కొట్టాడు. 'మిస్ లూడీ, మీరు హాలిస్‌ని కాల్చారు, నా కళ్ళారా చూశాను. నేను చూసినట్టు ఎవరికీ చెప్పను. కాసేపాగి, అప్పుడే వచ్చి చూసినట్టు ఫోను చేస్తాను' అన్నాడు. నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. నన్ను కాపాడబోయి వాడు చిక్కుల్లో పడతాడని మీకు చెప్పలేదు."

ఏడూ అయిదుకి ఇంట్లో గుడ్లు వేయించుకుంటున్నానన్న మనిషి. నోరీన్ మెరిక్ వైపు చూడలేదు. చూడనవసరం లేకపోయింది. అతను బల్ల మీది ఒప్పుకోలు కాగితం తీసి నిలువునా చించాడు.

"ఇంకేమన్నాడు?"

"ఏం లేదు. చేతిలో గోనెపట్టాలో చుట్టింది ఏదో ఉంది. మోటారు సామాను, నూనె కారుతోంది, మీ కొట్టుగదిలో పెట్టుకుంటాను, తర్వాత తీసుకెళ్తాను అన్నాడు. ఆ స్థితిలో నాకు అదొక లెక్కా?"

"ఎంత పొడుగుంది?"

లూడీ చేతులు చాపి చూపించింది. మూర కంటే కొంచెం ఎక్కువ.

మెరిక్ లేచి నిలబడ్డాడు. "మీ ఇంట్లో ఇప్పుడు ఎవరైనా ఉన్నారా?"

"మా చెల్లెలు కోరా ఉంది. నాకు బట్టలు సర్దుతోంది, జైలుకి." ఆవిడ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "ఏమిటి? ఏమైంది?"

గంట కిందట అద్దం పైకి తిప్పినప్పుడు రస్ కాఫీ కప్పు కింద పెట్టిన తీరు నోరీన్‌కి గుర్తొచ్చింది. తను అతన్ని వెళ్ళనిచ్చింది. వెళ్ళనివ్వక తప్పలేదు. అయినా వెళ్ళనిచ్చింది.

"ఫోను చెయ్యండి. తలుపు గడియ పెట్టుకోమనండి. ఎవరొచ్చినా తియ్యొద్దనండి."

మెరిక్ అప్పటికే వరండాలో పరుగెడుతూ, వైర్‌లెస్‌లో బ్రోడర్ ఇంటికి దగ్గర్లో ఎవరున్నారని అడుగుతున్నాడు. పద్దెనిమిది మైళ్ళ లోపు ఎవరూ లేరని జవాబు వచ్చింది.

లూడీ నంబరు నొక్కింది. నాలుగోసారి మోగాక అవతల ఎత్తారు. నోరీన్ దగ్గరికి వంగి వింది.

"అక్కా, నీ ఊలు శాలువా ఎక్కడుంది? అక్కడ చలిగా ఉంటుందేమో."

"కోరా, నేను చెప్పేది విను. వంటింటి తలుపు గడియ పెట్టు. రస్ వస్తే తియ్యకు."

కోరా గొంతు తగ్గించి, ఇబ్బందిగా నవ్వినట్టు చెప్పింది.

"ఇంతసేపూ ఇక్కడే ఉన్నాడక్కా. పాపం, నేను ఎడమ పక్కనుంచి పిలిస్తే పలకడం లేదు. నువ్వేమంటున్నావో అడుగుతున్నాడు. ఏం చెప్పను?"